కారు షెడ్డును అమ్మ గదిగా మార్చొచ్చా? ముందు టేపు పట్టండి, తర్వాతే తాపీ

ప్రశ్న: సార్, నమస్తే. మాది మిర్యాలగూడ. నేను స్కూల్లో టీచర్‌ని. 180 గజాల జాగాలో (36 అడుగులు బై 45) 2016లో మున్సిపాలిటీ పర్మిషన్ తీసుకునే ఇల్లు కట్టుకున్నాం. తూర్పు ముఖం, కింది పోర్షన్ ఒక్కటే. ముందు ఆగ్నేయం మూలకు 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు కారు షెడ్డు ఉంది, పైన స్లాబు, ముందు షట్టర్. షెడ్డు గచ్చు నుంచి స్లాబుకు పదిన్నర అడుగులు. హాలు గచ్చు షెడ్డు కన్నా అడుగున్నర ఎత్తు. షెడ్డు గోడకూ కాంపౌండ్ గోడకూ మధ్య మనిషి పట్టే సందు, అందులో మా బాబు సైకిల్ పెడతాడు. నాన్న పోయాక అమ్మను మా దగ్గరికే తెచ్చుకున్నాం, ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఉన్నవి రెండే బెడ్‌రూములు, ఒకటి మాది, ఒకటి ఇంటర్ చదివే బాబుది, ఏడో తరగతి పాపది. అమ్మ ఆర్నెల్లుగా హాల్లో దివాన్ మీద పడుకుంటోంది. మేస్త్రీని పిలిస్తే "ఏం గాదు మేడమ్, షట్టర్ తీస్తం, గోడ లేపుతం, కిటికీ పెడ్తం, వారం రోజుల పని, పర్మిషన్ గిర్మిషన్ ఏమొద్దు" అన్నాడు. కారు బయట వేపచెట్టు కింద పెట్టుకుందాం అని మావారు అంటే, ఎదురింటాయన రోడ్డు మీద పెడితే కంప్లైంట్ ఇస్తానన్నాడు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడేమో తను గ్యారేజీని గది చేసుకోవడానికి పర్మిట్ తీసుకున్నానని, మనం కూడా తీసుకోవాల్సిందేనని ఫోన్‌లో క్లాస్ పీకాడు. ఎవరి మాట వినాలి? మూడు లక్షల దాకా పెట్టుకోగలం. అటాచ్డ్ బాత్రూమ్ కావాలి.

జవాబు: అమ్మా, నమస్తే.

మీ మేస్త్రీ అన్నదాంట్లో వారం రోజుల సంగతి నిజమే. రెండు రోజుల్లో షట్టర్ ఊడుతుంది, ఇంకో రెండు రోజుల్లో గోడ లేస్తుంది, ఆదివారానికల్లా కిటికీ కూడా కూర్చుంటుంది. ఆ తర్వాత ఆ నాలుగు గోడల మధ్య మీ అమ్మగారు పదేళ్లో పదిహేనేళ్లో పడుకోవాలి, పన్ను వేసే మున్సిపాలిటీ వాళ్లు, ఆ ఎదురింటాయన, రేపు మీరు పైన ఇంకో అంతస్తు వేయాలనుకున్నప్పుడు లోన్ కోసం వచ్చే బ్యాంకు మనిషి, వీళ్లందరికీ జవాబు చెప్పుకోవాల్సింది మీరు. మేస్త్రీ అప్పటికి ఇంకో వీధిలో ఇంకో షట్టర్ ఊడదీస్తుంటాడు.

పర్మిషన్ కావాలా అంటే, కావాలి. సున్నం వేసుకోవడానికి, టైల్స్ మార్చుకోవడానికి, చెదలు పట్టిన తలుపు తీసి కొత్తది పెట్టుకోవడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. ప్లాన్‌లో కారుకని చూపించిన జాగాను మనిషి పడుకునే గదిగా చేయడం ఆ లెక్కలోకి రాదు. మన రాష్ట్రంలో ఇళ్లకు ఆధారం 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, అంటే బిల్డింగ్ రూల్స్. పార్కింగ్ కోసం చూపిన చోటును ఇంకో పనికి వాడుకుంటే పెద్ద విచారణ ఏమీ లేకుండానే తీయించేయొచ్చని అందులో ఉంది. చాలామంది ఈ మాట అపార్ట్‌మెంట్ల సెల్లార్లకే అనుకుంటారు. రూల్‌లో సెల్లార్ అనే మాట లేదు, పార్కింగ్ అనే ఉంది. ఎదురింటాయన కంప్లైంట్ ఇస్తానన్నది కూడా ఉత్త బెదిరింపు అనుకోకండి, రోడ్డు మీద మీ కారు చెట్టు కింద నిలబెడితే ఆయన కారు తిప్పుకోవడం ఎట్లా? ముందు ఆయనతో కూర్చుని చాయ్ తాగి మాట్లాడండి, కాగితాల కన్నా అదే తొందరగా తెగే పని.

సరే, ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటే. బీరువాలో రిజిస్ట్రీ కాగితాల కింద 2016 ప్లాన్ కాపీ, మున్సిపాలిటీ ముద్ర ఉన్నది, బయటికి తీయండి. చాలా ఇళ్లల్లో అది ఇల్లు కట్టిన మేస్త్రీ దగ్గరో, గీసిన ఇంజనీరు దగ్గరో ఉండిపోతుంది, అడిగి తెచ్చుకోండి. అందులో షెడ్డు చోట ఏం గీసి ఉందో చూడండి. కట్టిన భాగంలో కలిపి 'పార్కింగ్' అనో 'పోర్టికో' అనో రాసి ఉంటే మీ పని సగం అయినట్టే. అక్కడేమీ గీయకుండా ఖాళీ జాగాగా వదిలి ఉంటే మాత్రం షెడ్డు కూడా తర్వాత ఎక్కించినదే, అప్పుడు మీరు గదికి పర్మిషన్ అడిగితే ముందు షెడ్డు సంగతి బయటికొస్తుంది.

తర్వాత టేపు. 180 గజాలంటే దాదాపు 150 చదరపు మీటర్లు. జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల జాగాలో ముందు మీటరున్నర, మిగతా మూడు పక్కలా మీటరు చొప్పున వదలాలి. మీటరంటే మూడడుగుల మూడు అంగుళాలు, ఇంకాస్త. మీరు రాసిన 'మనిషి పట్టే సందు' ఉంది చూశారూ, మీ సమాధానం అంతా ఆ సందులో ఉంది. బాబు సైకిల్ తీసేసి గోడ నుంచి గోడకు కొలవండి. మూడు అడుగుల నాలుగు అంగుళాలు వస్తే హాయిగా ముందుకెళ్లొచ్చు. రెండున్నర అడుగులే వస్తే, షెడ్డు గోడే లోపలికి జరగాల్సి వస్తుంది. కొలిచేటప్పుడు రెండు కొసల్లోనూ కొలవండి, మన మేస్త్రీల గోడలు ఒక కొసన మూడున్నర, ఇంకో కొసన రెండుముప్పావు ఉన్న సందర్భాలు నేను చాలా చూశాను. ముందు వైపు కూడా గేటు గోడ నుంచి షట్టర్ దాకా ఐదడుగులు ఉండాలి.

(ఇదే ప్రశ్న ఇంకో ఇద్దరు పాఠకులు కూడా రాశారు. వాళ్ల షెడ్లకు కాంపౌండ్ గోడే ఒక పక్క గోడ. వాళ్లకు విడిగా రాయను, ఇక్కడే చెప్తున్నా: పదడుగుల షెడ్డులో మీటరు వదిలేస్తే మిగిలేది ఆరడుగుల తొమ్మిదంగుళాలు. పడక గదికి కనీసం 2.4 మీటర్ల వెడల్పు ఉండాలి, అంటే ఎనిమిది అడుగులకు అంగుళంన్నర తక్కువ. కాబట్టి ఆ షెడ్డు గది కాదు, ఏ ఇంజనీరు గీసినా కాదు. దాని మీద డబ్బు పెట్టకండి.)

"ముందు కట్టేసుకుందాం, తర్వాత స్కీము వస్తే ఫీజు కట్టి రెగ్యులర్ చేయించుకుందాం" అనే మాట మన దిక్కు ప్రతి పెళ్లి భోజనాల దగ్గరా వినిపిస్తుంది. 2015లో అలాంటి స్కీము ఒకటి వచ్చింది, బీఆర్ఎస్ అనేవాళ్లు, పార్టీ సంగతి కాదు, అప్పటికి పార్టీకి ఆ పేరు లేదు. 2015 అక్టోబరు 28 లోపు కట్టినవాటికే అది వర్తిస్తుందన్నారు, ఆ తర్వాత వ్యవహారం హైకోర్టుకెక్కింది. మీ ఇల్లే 2016ది. ఎల్ఆర్ఎస్ అని ఇంకొకటి వింటుంటారు, అది ప్లాట్లకు, లేఅవుట్లకు సంబంధించింది, గదులకు దాంతో పని లేదు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఉంది, ఎన్నేళ్లుగా నిలబడి ఉన్నా, ఎంత డబ్బు పోసినా, అధికారులు చూసీ చూడనట్టు ఊరుకున్నా, పర్మిషన్ లేని కట్టడం ఆ కారణాలతో పర్మిషన్ ఉన్నది అయిపోదని. బ్యాంకులు కూడా కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూసుకున్నాకే లోన్ ఇవ్వాలని అందులోనే చెప్పింది. మున్సిపాలిటీ వాళ్లు ఆ గదికి పన్ను వేసి రసీదు ఇచ్చారు కదా అని కూడా ధైర్యపడొద్దు. పర్మిషన్ లేని భాగానికి పెనాల్టీతో కలిపి పన్ను కట్టించుకుంటారు, కట్టించుకున్నంత మాత్రాన అది సక్రమం అయినట్టు కాదు.

ఇంతా చెప్పాక మీకు టెన్షన్ పట్టుకుని ఉంటుంది. అసలు పని అంత కష్టమేం కాదు. ఒకప్పుడు ప్లాన్ మంజూరంటే ఆఫీసు మెట్లు అరిగేవి. 2020 నవంబరు నుంచి టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి వచ్చాక (ఇప్పుడు టీజీ అయింది, ఆమధ్య బిల్డ్‌నౌ అని ఇంకోటి కూడా తెచ్చారు) మీలాంటి ఇళ్లకు ఆన్‌లైన్‌లోనే దొరుకుతోంది. 500 చదరపు మీటర్ల లోపు జాగా, పది మీటర్ల లోపు ఎత్తు ఉన్న ఇంటికి యజమానే సొంతంగా ధ్రువీకరించి అప్లై చేస్తే వెంటనే అనుమతి పత్రం వస్తుంది. మీ అక్క చెల్లెళ్లెవరైనా "రూపాయి కడితే చాలట" అని చెప్తే నమ్మకండి, ఆ రూపాయి రిజిస్ట్రేషన్ 75 గజాల లోపు వాళ్లకు. లైసెన్స్ ఉన్న ఇంజనీరు దగ్గరికి వెళ్లి, ఉన్న ఇంటికి మార్పులు చేర్పులు అని చెప్పి, పాత ప్లాన్ మీదే షెడ్డు చోట గది చూపిస్తూ కొత్త డ్రాయింగ్ గీయించండి. కారు ఎక్కడ పెడతారో కూడా ఆ డ్రాయింగ్‌లోనే తేల్చమనండి, ఎదురింటాయనకు అదే జవాబు అవుతుంది.

సొంత ధ్రువీకరణ అంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే కాగితం చేతికొచ్చినా 21 రోజుల్లోపు వాళ్లు వచ్చి చూసుకోవచ్చు, రాసింది తప్పని తేలితే రద్దు చేయొచ్చు, నోటీసు ఇవ్వకుండా కూల్చే అధికారం కూడా బీపాస్ చట్టంలో ఉంది. సందు రెండున్నర అడుగులుంటే మూడున్నర అని రాయించే ఇంజనీర్లు ఉన్నారు, ఫీజు తీసుకుని వాళ్లు వెళ్లిపోతారు, సంతకం మీది.

కాగితం సంగతి ఇక్కడితో వదిలేద్దాం. గది గురించి మాట్లాడదాం, నాకు ఇష్టమైన విషయం ఇదే.

కారు షెడ్డుకూ గదికీ తేడా షట్టర్‌లో లేదమ్మా, గచ్చులో ఉంది. కారు ఎక్కాలి కాబట్టి షెడ్డు గచ్చు నేల నుంచి అరడుగు ఉంటే చాలంటారు, నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా 15 సెంటీమీటర్లు చాలంటుంది. మనిషి ఉండే ఇంటికైతే కనీసం 45 సెంటీమీటర్లు ఉండాలి. పైగా షెడ్డు గచ్చు రోడ్డు వైపుకు వాలుగా పోస్తారు. మీ మేస్త్రీ ఆ వాలు గచ్చు మీదే టైల్స్ పరుస్తానంటాడు. మంచం నాలుగు కాళ్లూ ఆనవు, మొదటి వానాకాలంలోనే గోడల అడుగు భాగం జానెడు ఎత్తున చెమ్మ పడుతుంది, పెచ్చులూడుతుంది. మీది సాగర్ ఎడమ కాలువ కింది ఊరు, చుట్టూ వరి మళ్లు, నీళ్లు వదిలిన రోజుల్లో నేలలో తడి ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పాలా.

కాబట్టి గచ్చు లేపాలి. ఎంత లేపాలి అన్నది మీరిచ్చిన కొలతల్లోనే ఉంది. హాలు అడుగున్నర ఎత్తు. హాలుకు సమానంగా 18 అంగుళాలు లేపితే అమ్మగారికి మెట్టు బాధ ఉండదు, కానీ పదిన్నర అడుగుల్లో అడుగున్నర పోతే మిగిలేది తొమ్మిది అడుగులు, అంటే 2.74 మీటర్లు. పడక గది ఎత్తు కనీసం 2.75 మీటర్లు ఉండాలి. గోరు మందం తక్కువ! అడుగే లేపి ఊరుకుంటే ఎత్తు సరిపోతుంది గానీ హాలుకూ గదికీ మధ్య అరడుగు మెట్టు వస్తుంది, రాత్రి పూట మోకాళ్ల నొప్పులున్న మనిషి మొదట పడేది అక్కడే. నేనైతే టైల్‌తో కలిపి 17 అంగుళాలు లేపమంటాను. 2.77 మీటర్లు మిగులుతుంది, హాలుతో తేడా ఒక్క అంగుళం, గడప పెట్టకుండా తలుపు దగ్గర కాస్త వాలుగా కలిపేస్తే కాలికి తెలియదు కూడా. ఫాల్స్ సీలింగ్ మాట మాత్రం ఎత్తొద్దు, అది అరడుగు తినేస్తుంది.

నింపడానికి నల్లరేగడి మట్టి, పాత గోడల పెళ్లలు పోయనివ్వకండి. మొరం పోయించి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టించి, మళ్లీ మొరం, మళ్లీ నీళ్లు, అట్లా రెండు మూడు వరసలు. ఆ పైన మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, గోడల అంచుకు కొంచెం పైకి మడిచి, దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు. షీటు ఖర్చు చాలా తక్కువ, కానీ అది లేకపోతే కింది చెమ్మ పైకొస్తూనే ఉంటుంది. నింపే ముందు పాత గచ్చు మీద ఇంజన్ ఆయిల్ పీల్చుకున్న నల్లమచ్చల చోట కొట్టించి తీసేయండి, గది మూసేశాక ఆ వాసన ఎండాకాలం బయటపడుతుంది.

నింపే ముందు ఇంకొక పని ఉంది, ఇది నా సొంత అనుభవం, కాస్త సిగ్గుగానే చెప్తున్నా. నల్లగొండలో మా ఇంట్లో కూడా ఇట్లాగే నాన్న కోసం షెడ్డు గది చేశాం. నేను ఊళ్లో వాళ్ల ఇళ్లన్నీ గీసే మనిషిని, నా ఇంటి పనికొచ్చేసరికి మేస్త్రీకి తాళాలిచ్చి సైట్ల మీద తిరిగాను. షెడ్డు గచ్చులో ఒక మూల సెప్టిక్ ట్యాంకు మూత ఉండేది, కారు కింద ఉంటుంది కాబట్టి రోజూ కనపడేది కాదు. మేస్త్రీ దాని మీద మొరం పోసి, కాంక్రీటు వేసి, అందమైన క్రీమ్ రంగు టైల్స్ పరిచేశాడు. రెండేళ్లు బాగానే ఉంది. మూడో ఏడు సద్దుల బతుకమ్మ రోజు, అక్క చెల్లెళ్లు పిల్లలతో దిగారు, హాల్లో తాంబాళంలో తంగేడు, గునుగు పూలు పేరుస్తున్నారు, అప్పుడు రెండు బాత్రూముల్లోంచీ నీళ్లు ఎదురు తన్నడం మొదలైంది. ట్యాంకు మూత ఎక్కడ అంటే నాన్న మంచం కింద. నాన్నను కుర్చీలో బయట కూర్చోబెట్టి, మంచం తీసి, సుత్తితో టైల్స్ పగలగొట్టించి, కిటికీ గ్రిల్ విప్పి అందులోంచి ట్యాంకర్ పైపు లోపలికి లాగాం. ఆ వాసనలో బతుకమ్మ పేర్చిన మా చిన్న చెల్లె ఇప్పటికీ నన్ను "ఇంజనీరు సాబ్" అని పిలుస్తుంది, గౌరవంతో కాదు.

మన ఊళ్లల్లో సంపు, సెప్టిక్ ట్యాంకు చాలాసార్లు షెడ్డు కిందే ఉంటాయి, ఎందుకంటే ఖాళీ జాగా అదొక్కటే. మీ షెడ్డులో మూత ఉందో లేదో చూడండి. సంపు అయితే పక్కకు మార్చొచ్చు. సెప్టిక్ ట్యాంకు అయితే దాని మీద పడక గది వద్దు, గ్యాసు పట్టే ట్యాంకు మీద మనిషిని పడుకోబెట్టడం మంచిది కాదు, ముందు దాన్ని బయటికి మార్చి, పాతది ఖాళీ చేయించి, మొరంతో నింపించాకే గది మాట. అందుకు మూడు లక్షల్లో కొంత పోతుంది, అయినా ఇదే వరస.

షట్టర్ చోట కట్టే గోడ. మేస్త్రీలు ర్యాంపు గచ్చు మీదే ఇటుక పెట్టి లేపేస్తారు, పునాది ఉండదు. ఏడాది తిరిగేసరికి పాత గోడకూ కొత్త గోడకూ మధ్య పైనుంచి కింది దాకా వెంట్రుక వాసి చీలిక వస్తుంది, అందులోంచి వాన నీళ్లు. గచ్చు కోసి, గట్టి నేల తగిలే దాకా తవ్వించి, అడుగున కాంక్రీటు బెడ్డు వేసి అక్కడి నుంచి గోడ లేపమనండి. మీ జాగా నల్లరేగడి అయితే ఇంకా లోతుకు పోవాల్సిందే, ఆ మట్టి ఎండకు నోరు తెరుస్తుంది, వానకు ఉబ్బుతుంది. గోడ నాలుగంగుళాలది కాకుండా తొమ్మిదంగుళాలది కట్టించుకోండి, పొద్దున ఎనిమిదికే తూర్పు ఎండ కొడుతుంది కదా.

బాత్రూము వెనక కొసన పెట్టుకోండి. 18 అడుగుల్లో వెనక ఐదడుగులు అడ్డంగా తీసుకుంటే అందులో 7 బై 5 బాత్రూము, పక్కన మిగిలిన మూడడుగులు హాల్లోకి దారి. ముందు 13 బై 10 గది మిగులుతుంది, 130 చదరపు అడుగులు, అంటే 12 చదరపు మీటర్లు. కోడ్ అడిగేది తొమ్మిదిన్నర. మంచం, బీరువా, కుర్చీ, సీలింగ్ ఫ్యాన్, అన్నీ పడతాయి. బాత్రూము తలుపు బయటికి తెరుచుకునేటట్టు పెట్టించండి, లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపు ఆ మనిషికే అడ్డం తగులుతుంది. పట్టుకునే కడ్డీలు, జారని టైల్స్, వెస్ట్రన్ కమోడ్, ఇవి మీకు తెలిసినవే. పైపు వాలు మాత్రం ముందే చూసుకోవాలి, నాలుగంగుళాల పైపుకు నలభై అడుగులకు అడుగు చొప్పున వాలు ఉండాలి, గచ్చు లేపుతున్నాం కాబట్టి మీకు ఆ వాలు దొరుకుతుంది. షెడ్డు గచ్చు మట్టానికే బాత్రూము కట్టి, తర్వాత కమోడ్ ఒక్కదాన్ని రెండు మెట్ల మీద సింహాసనంలా కూర్చోబెట్టిన ఇళ్లు కూడా చూశాను.

కిటికీ. మన లాంటి పొడి వేడి ప్రాంతానికి గది వైశాల్యంలో పదో వంతు కిటికీ ఉండాలి, తలుపు లెక్కలోకి రాదు. 130కి 13 చదరపు అడుగులు, 4 బై 3.5 కిటికీ ఒకటి తూర్పు గోడకు పెడితే సరిపోతుంది. నేనైతే సందు వైపు ఇంకో చిన్న కిటికీ పెట్టిస్తాను, గాలి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి పోవాలి. ఇక్కడ మీ తమ్ముడు చెప్పేది ఒకటి వినొచ్చు. అక్కడ గ్యారేజీని పడక గది చేస్తే, నిప్పంటుకుంటే మనిషి దూరి బయటపడేంత కిటికీ ఉందా లేదా అని కొలిచి చూస్తారు, తెరిస్తే 5.7 చదరపు అడుగుల ఖాళీ ఉండాలి, కిటికీ అడుగు గచ్చు నుంచి 44 అంగుళాల కన్నా పైన ఉండకూడదు. మనమేమో దొంగల భయానికి ప్రతి కిటికీకీ కదలని గ్రిల్ వెల్డింగ్ చేయించి పెడతాం. గ్రిల్‌లో ఒక రెక్క కబ్జాల (హింజెస్) మీద తెరుచుకునేటట్టు, లోపలి నుంచి గొళ్లెం ఉండేటట్టు చేయించండి, వెల్డింగ్ షాపు వాడికి గంట పని. ఇన్వర్టర్ బ్యాటరీ ఇప్పుడు షెడ్డులోనే ఉందేమో, దాన్ని మాత్రం ఆ గదిలోంచి బయటికి మార్చండి.

ఎండ సంగతి. షెడ్డు స్లాబు మీద వేరే నీడ లేదు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నుంచి అది సెగలు కక్కుతుంది. పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి, రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది కూడా, మీ అంత ఇళ్లకు తప్పనిసరి కాదు, అయినా వేయించుకుంటే ఏసీ అవసరం కొన్ని గంటలు తగ్గుతుంది.

డబ్బు. మూడు లక్షల్లో గోడ, కిటికీ, రంగులకు పోయేది తక్కువ. గచ్చు లేపడం, బాత్రూము, పైపులు, ఇవే తింటాయి. మేస్త్రీ చెప్పిన రేటులో ఇవి ఉన్నాయా లేవా, వరస వారీగా కాగితం మీద రాయించుకోండి. సెప్టిక్ ట్యాంకు మార్చాల్సి వస్తే మూడు లక్షలు దాటొచ్చు, అట్లాంటప్పుడు తూర్పు గోడ, గచ్చు, బాత్రూము ముందు పూర్తి చేసి బీరువాలు తర్వాత చూసుకోండి.

వాస్తు గురించి మీరు అడగలేదు, బతికించారు. ఆగ్నేయంలో పెద్దవాళ్ల పడక వద్దని మీ చుట్టాల్లో ఒకరైనా అంటారు. నేను వేరే కారణంతో ఇంకో మాట చెప్తాను. కొత్త గది అమ్మకే ఇవ్వాలని ఏముంది? ఇప్పుడు పిల్లలున్న బెడ్‌రూము ఇంటి మధ్యలో ఉంటుంది, రాత్రి పిలిస్తే వినపడుతుంది. ఆ గదిలో అమ్మమ్మ, మనవరాలు ఉంటే ఒకరికొకరు తోడు. ఇంటర్ చదివే బాబుకు రోడ్డు వైపు గది, విడిగా తలుపు, అర్ధరాత్రి దాకా లైటు వేసుకుని చదువుకోవచ్చు, వాడు ఎగిరి గంతేస్తాడు. "తల్లిని కారు షెడ్డులో పడుకోబెట్టింది" అనే మాట పడాల్సిన పని కూడా ఉండదు, ఊరి నోరు మీకు తెలియంది కాదు. అమ్మగారిని అడిగి చూడండి, ఆమెకే సొంత గది కావాలనిపిస్తే సరే, ఆమె ఇష్టం.

ఒకవేళ సందు కొలత సరిపోకపోతే కూడా ఇదే దారి. అప్పుడు షెడ్డును కారుకే వదిలేసి, పైన ఒక గది, బాత్రూము పర్మిషన్‌తో వేసి పిల్లల్ని అక్కడికి ఎక్కించండి. ఖర్చు ఎక్కువే, ఒక ఏడాది ఆగాల్సి రావొచ్చు, ఈలోపు హాల్లో దివాన్ దగ్గర ఒక తెర కట్టించి బాత్రూముకు దగ్గరగా అమ్మ మంచం జరపండి.

ఆదివారం టేపు పట్టుకున్నప్పుడు సందు రెండు కొసలూ, గేటు నుంచి షట్టర్ దాకా ఎంతుందో, స్లాబు ఎత్తు నాలుగు మూలల్లో ఎంతెంతుందో రాసి, ప్లాన్ కాపీ ఫొటోతో కలిపి పంపండి. ప్లాన్ మీద ఉన్న పర్మిట్ నంబరు కనపడేలా తీయండి. షెడ్డులో కారు బయటికి తీసి, గచ్చు మీద చీపురు కొట్టించి, మూత లాంటిది ఏదైనా ఉందేమో చూసి అది కూడా రాయండి.